మీ ప్రశ్నలు – మా జవాబులు: తిరగేసి చదివినా అదే పద్యం

‘వికటకవి’లా ఎటు చదివినా మారని పదాలు తెలుసు. పద్యం మొత్తం అలా రాసినవాళ్లున్నారా? మేమూ ప్రయత్నించాలంటే ఎలా?
– ఒక పాఠకుడు, తెనాలి

ఉన్నారు. శ్రీకృష్ణదేవరాయల ఆస్థాన కవి నంది తిమ్మన పారిజాతాపహరణంలో ఈ కందం చెప్పాడు:

నాయశరగసారవిరయ
తాయనజయసారసుభగధరధీనియమా
మాయనిధీరధగభసుర
సాయజనయతాయరవిరసాగరశయనా

మొత్తం 52 అక్షరాలు. కాగితం మీద రాసుకుని చివరి ‘నా’ నుంచి వెనక్కి వేలు పెట్టి చదవండి, ఒక్క అక్షరం కూడా తప్పదు. రెండో పాదం చివరి ‘మా’కీ మూడో పాదం మొదటి ‘మా’కీ మధ్య అద్దం పెట్టినట్టు ఉంటుంది. 26 అక్షరాలు అటు, 26 ఇటు.

కందాన్నే ఎంచుకోవడంలో తిమ్మన నేర్పు కనిపిస్తుంది. కందంలో గణానికి, అంటే అక్షరాల గుంపుకి, నాలుగు మాత్రలు. పొట్టి అక్షరం లఘువు, ఒక మాత్ర. పొడుగు అక్షరం గురువు, రెండు మాత్రలు. భగణాన్ని (గురువు, రెండు లఘువులు) తిప్పితే సగణం (రెండు లఘువులు, గురువు) అవుతుంది, జగణం (లఘువు, గురువు, లఘువు), నలం (నాలుగు లఘువులు), గగం (రెండు గురువులు) తిప్పినా అవే. కాబట్టి ఏ గణం తిరగేసినా కందానికి పనికొచ్చే గణమే వస్తుంది. రెండు, నాలుగు పాదాల చివర గురువు ఉండి తీరాలి. తిరగేస్తే ఆ గురువులే మూడో పాదానికీ, మొదటి పాదానికీ తొలి అక్షరాలవుతాయి. మొదటి పాదం గురువుతో మొదలైతే మిగతావీ గురువుతోనే మొదలవ్వాలన్నది కంద నియమం. అందుకే నా, తా, మా, సా. రెండేసి పాదాలకు కలిపి ఎనిమిది గణాలు, వాటిలో ఆరో గణం సంగతి ఇంకా చిక్కు. అక్కడ జగణమో నలమో ఉండాలి. కానీ అద్దంలో ఆరోది మూడోది అవుతుంది. బేసి గణంగా జగణం నిషిద్ధం కనుక నలం ఒక్కటే మిగిలింది. ‘రసుభగ’, ‘యరవిర’ చూడండి, రెండూ నలాలే. ఇన్ని కట్టుబాట్ల మధ్య యకార ప్రాస (ప్రతి పాదంలో రెండో అక్షరం ‘య’), ‘తా–ధ’ యతి (రెండో పాదంలో మొదటి, నాలుగో గణాల తొలి అక్షరాల పొత్తు) కూడా చెడలేదంటే దండం పెట్టాల్సిందే.

మీరు మొదలుపెడితే పద్యం జోలికి వెళ్లకుండా మూడక్షరాల మాటలు పోగు చేసుకోండి: నటన, జలజ, సరస, మడమ, పులుపు, కునుకు. తర్వాత వాక్యాన్ని మధ్య నుంచి రెండు వైపులకీ పెంచుకుంటూ పోవాలి. మొదటి నుంచి రాసుకుపోతే సగంలో ఆగిపోతారు. ఎక్కువమంది పొరబడేది దీర్ఘాల దగ్గర. ‘కిటికీ’ని తిప్పితే ‘కీటికి’ వస్తుంది, కనుక అది లెక్కలోకి రాదు. గుణింతం, ఒత్తు, సున్నా అక్షరంతో పాటే కదలాలి. ఛందస్సులో రాసేవాళ్లు ఒత్తులకు దూరంగా ఉండటం మంచిది. సంయుక్తాక్షరం తన ముందున్న లఘువును గురువు చేస్తుంది. తిరగేసినప్పుడు దాని ముందుకు వేరే అక్షరం వచ్చి గణం చెడుతుంది. తిమ్మన పద్యంలో ఒక్క ఒత్తూ లేదు, సున్నా కూడా లేదు.

చార్మినార్ మీది గడియారాలు కులీ కుతుబ్‌షా పెట్టించినవేనా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

కాదు. కట్టడం 1591 నాటిది, గడియారాలు 1889లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అమర్చినవి.

రామప్ప గుడి ఇటుకలు నీళ్లలో తేలతాయంటారు. మహిమా, శాస్త్రమా?
– ఒక విద్యార్థి, హనుమకొండ

శాస్త్రమే. పాలంపేటలోని ఈ ఆలయాన్ని 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. గుడి అంతా తేలే ఇటుకలతో కట్టారనుకోవడం పొరపాటు. గోడలూ స్తంభాలూ రాతివి, తేలిక ఇటుకలు వాడింది శిఖరానికే. కింద పునాది ఇసుక నింపి వేసింది, దాని మీద బరువు ఎంత తగ్గితే అంత మంచిది.

లెక్క మీరే వేసుకోవచ్చు. 19×9×9 సెంటీమీటర్ల ఇటుక ఘనపరిమాణం 1,539 ఘనపు సెంటీమీటర్లు. అంత నీటి బరువు సుమారు ఒకటిన్నర కిలో. ఇటుక అంతకన్నా తక్కువ తూగితే తేలుతుంది. మామూలు బట్టీ ఇటుక ఇదే కొలతలో మూడు కిలోల దాకా తూగుతుంది, మునుగుతుంది. తేలిక ఇటుక కావాలంటే మట్టిలో ఊక, రంపపు పొట్టు లాంటివి కలిపి కాలుస్తారు. అవి బట్టీలో కాలిపోయి, ఉన్నచోట గాలి గదులు మిగులుతాయి. ఊక, పొట్టు మరీ ఎక్కువైతే ఇటుక పొడిపొడి అవుతుంది. గదులు ఒకదానితో ఒకటి కలిసిపోతే నీరు లోపలికి పాకి కాసేపటికి మునిగిపోతుంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఈ ఇటుకల గురించే ఎక్కువగా మాట్లాడుకుంటున్నారు. వెళ్లినప్పుడు మండపం బయటి నల్లరాతి మదనికలను (స్త్రీ శిల్పాలను) కూడా తీరిగ్గా చూడండి.

షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఒకే రోజు చనిపోయారా?
– ఒక అధ్యాపకురాలు, అనంతపురం

క్విజ్ పుస్తకాల్లో ‘అవును, 1616 ఏప్రిల్ 23’ అని ఉంటుంది. పుస్తకాల్లో తేదీ ఒకటే, రోజు ఒకటి కాదు. స్పెయిన్ 1582లోనే, ఇప్పుడు మనం వాడే గ్రెగరీ క్యాలెండర్‌కు మారింది. ఆ ఏడు అక్కడ అక్టోబరు 4 మర్నాడు 15 అయింది. ఇంగ్లండ్ 1752 దాకా పాత జూలియన్ లెక్కలోనే ఉంది. 1616లో రెండింటికీ పది రోజుల తేడా. అంటే షేక్‌స్పియర్ పోయింది మన లెక్కలో మే 3న. సెర్వాంటెస్ ఏప్రిల్ 22న కన్నుమూశాడు, 23 ఆయన్ని ఖననం చేసిన రోజు. యునెస్కో 1995లో పుస్తక దినోత్సవానికి ఎంచుకున్నది ఈ 23నే.

పాత ఇంగ్లీషు దస్తావేజులు చదివేవారికి ఇది నిత్యం అక్కరకొస్తుంది. 1582 నుంచి 1700 ఫిబ్రవరి దాకా పది రోజులు, ఆపైన 1752 సెప్టెంబరు మార్పు దాకా పదకొండు రోజులు కలపాలి. పైగా అప్పట్లో అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ‘1690 ఫిబ్రవరి’ అని రాసి ఉంటే చాలాసార్లు అది మన 1691.

మిక్కీ మౌస్‌కి నాలుగు వేళ్లే ఎందుకు?
– ఒక పాఠకుడు, బళ్లారి

గీసే పని తగ్గడానికి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఏడు నిమిషాల కార్టూన్‌కి 10,080 ఫ్రేములు కావాలి. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకున్నా 5,040 బొమ్మలు గీయాలి. ప్రతి చేతికీ ఒక వేలు తగ్గితే ఎంత కలిసొస్తుందో చూడండి. పైగా అంత చిన్న చేతికి అయిదు వేళ్లు పెడితే తెర మీద అరటి గెలలా గుబురుగా కనిపిస్తుంది. తెల్ల గ్లోవ్స్ సంగతి వేరు. 1928లో వచ్చిన స్టీమ్‌బోట్ విల్లీలో అవి లేవు. నలుపు తెలుపు బొమ్మలో నల్లటి చేయి నల్లటి ఒంటి ముందుకు వస్తే ఎక్కడుందో తెలిసేది కాదు. 1929లో గ్లోవ్స్ తొడిగారు.