బీమా సొమ్ము చేతికొచ్చాక ముందు ఏ మరమ్మతు?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక పల్లె. పక్క ఊరి హైస్కూల్లో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. కాలువ గట్టు మీదుగా రోజూ రానూపోనూ 28 కిలోమీటర్లు నా 125 సీసీ మోటారు సైకిలు మీదే తిరుగుతాను. బండి కొని మూడేళ్ల నాలుగు నెలలైంది. దాళ్వా కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం చుట్టూ పెట్టిన రాళ్లను తప్పించబోయి జారిపడ్డాను. ముందు చక్రం కల్వర్టు పిట్టగోడకు తగిలింది, నా తల కూడా హెల్మెట్‌తో సహా గోడకు ఆనింది. మోచెయ్యి గీసుకుపోవడం తప్ప నాకేమీ కాలేదు. షోరూమువారు 16,600 రూపాయల అంచనా ఇచ్చారు (పత్రం జతచేశాను). నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయరు చూసి వెళ్లాక, బిల్లులు పెట్టనవసరం లేని పద్ధతిలో నా సమ్మతి తీసుకుని బీమా సంస్థ 12,000 ఖాతాలో వేసింది. మా ఊరి మెకానిక్ ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులను ప్రెస్సు పట్టించి (యంత్రంతో నొక్కి తిన్నగా చేయించి), తక్కినవి సర్ది, 3,500లో బండిని నడిచేలా చేస్తానంటున్నాడు. మిగిలే సొమ్ము సార్వా పెట్టుబడికి కలిసివస్తుందని నా ఆలోచన. అలా చేయవచ్చా? అసలు 4,600 ఎందుకు తగ్గించారు?

జవాబు: బిల్లులు అడగకుండా ఇచ్చిన సొమ్ము కనుక దాన్ని ఎలా ఖర్చు పెట్టుకోవాలన్నది మీ ఇష్టం. అయితే ఫోర్కులను ప్రెస్సు పట్టించే మాట ఒక్కటి మాత్రం మానుకోండి. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది అదొక్కటే. భద్రతతో సంబంధం లేని తక్కిన విషయాల్లో మీరు ఎంత పొదుపు చేసినా నాకు అభ్యంతరం లేదు.

ముందుగా తగ్గింపు సంగతి చూద్దాం. మన దేశంలో మామూలు మోటారు పాలసీ పాత భాగం స్థానంలో కొత్తది వేసినప్పుడు అరుగుదలను మినహాయించి చెల్లిస్తుంది. బండి వయసు మూడు దాటి నాలుగేళ్ల లోపు ఉంటే లోహ భాగాలపై 25 శాతం, ఏ వయసు బండికైనా ప్లాస్టిక్కు, రబ్బరు భాగాలపై 50 శాతం తగ్గిస్తారు. మీ అంచనా పత్రంలో లోహ భాగాలు 8,000, ప్లాస్టిక్కు 4,600, ట్యాంకు పెయింటింగు 1,600, కూలి 2,400 ఉన్నాయి. లోహంలో 2,000, ప్లాస్టిక్కులో 2,300 పోయాయి. పెయింటింగు ఖర్చులో నాలుగో వంతును రంగు ఖరీదుగా తీసుకుని అందులో సగం కోస్తారు కనుక అక్కడ 200, ద్విచక్ర వాహనానికి యజమాని విధిగా భరించవలసిన 100, మొత్తం 4,600. సంస్థ లెక్కలో తప్పేమీ లేదు. అరుగుదల కోత లేని అదనపు రక్షణ తీసుకుని ఉంటే ఇందులో చాలా భాగం మీకు వచ్చి ఉండేది.

ఇక ఫోర్కుల విషయం. ముందు చక్రం గోడకు ఎదురుగా తగిలినప్పుడు ఆ దెబ్బ రిమ్ము మీదుగా ఫోర్కు గొట్టాలకు, వాటిని పట్టి ఉంచే ‘టీ’ అనే భాగానికి, టీ తిరిగే బేరింగులైన కోన్ సెట్‌కు, చివరికి చాసిస్ (బండి చట్రం) మెడకు చేరుతుంది. ఒకసారి వంగిన గొట్టాన్ని ప్రెస్సుతో వెనక్కు వంచితే కంటికి తిన్నగానే కనిపిస్తుంది గాని, వంగిన చోట ఉక్కు అప్పటికే సాగి బలం కోల్పోయి ఉంటుంది, పైనున్న క్రోమియం పూతలో సన్నని పగుళ్లు వస్తాయి. సముద్రపు గాలి, రొయ్యల చెరువుల ఉప్పునీరు, రొయ్యలు తీసుకెళ్లే వాహనాల నుంచి రోడ్డంతా కారే నీరు ఉన్న మీ ప్రాంతంలో ఆ పగుళ్లలో తుప్పు పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు. గరుకెక్కిన గొట్టం పైకీ కిందికీ జారుతున్నకొద్దీ ఆయిల్ సీలును కోస్తుంది, కారిన నూనె డిస్కు మీదా బ్రేకు ప్యాడ్ల మీదా పడుతుంది, అప్పుడు బ్రేకు పట్టదు. ఒక పక్క పంట కాలువ, మరో పక్క చేను ఉన్న ఇరుకు గట్టు మీద, ఎదురుగా ట్రాక్టరు వస్తున్నప్పుడు ఆ బ్రేకు మీద మీరు ఆధారపడాలి. పొదుపు చేయవలసిన చోటు అది కాదు.

కొత్త భాగాలు తెప్పించే ముందు మీ మెకానిక్‌తోనే ముందు భాగం విప్పించి చూడండి. గొట్టాలను మందపాటి అద్దం పలక మీద దొర్లిస్తే వంపు ఉన్న చోట సందు కనబడుతుంది. చక్రాన్ని నేల నుంచి లేపి హ్యాండిలును మెల్లగా అటూ ఇటూ తిప్పినప్పుడు సరిగ్గా మధ్యలో పట్టుకున్నట్టు అనిపిస్తే కోన్ సెట్‌లో గుంటలు పడ్డాయని అర్థం. చక్రం తిప్పుతూ రిమ్ము అంచు దగ్గర ఒక పుల్ల కదలకుండా పట్టుకుంటే వంకర తెలుస్తుంది. అల్లాయ్ చక్రమై ఉండి చిన్న పగులు కనబడినా దాన్ని వెల్డింగు చేయించవద్దు. ఆఖరున ట్యాంకు తీయించి, చాసిస్ మెడ దగ్గర అతుకుల చుట్టూ రంగు పెచ్చులుగా లేచిందేమో పగటి వెలుతురులో మీరే స్వయంగా చూడండి. అక్కడ రంగు చిట్లి ఉంటే ఏ మరమ్మతూ మొదలుపెట్టకండి. ఫొటోలు తీసి, లోపలి నష్టం విప్పాకనే బయటపడిందని బీమా సంస్థకు వెంటనే లిఖితపూర్వకంగా తెలపండి. మీరు సంతకం చేసిన కాగితంలో ‘పూర్తి, తుది పరిష్కారం’ అన్న మాట ఉంటే వారు ఒప్పుకోకపోవచ్చు, అయినా అడగవలసిందే. సొమ్ము ఇంకా తీసుకోని పాఠకులెవరైనా ఉంటే, బండి విప్పించి చూసుకోకుండా ఇటువంటి సమ్మతి ఇవ్వవద్దని నా మనవి. మరమ్మతు ఖర్చు పాలసీలో రాసిన బండి విలువలో 75 శాతం దాటితే పూర్తి నష్టంగా పరిగణించే నిబంధన ఉంది. మెడ దెబ్బతిన్న పాత బండ్ల విషయంలో అంతదాకా పోవచ్చు.

మీ ఊరి మెకానిక్‌ను వదిలి షోరూముకే వెళ్లమని నేను చెప్పడం లేదు. చాసిస్ బాగుందని తేలితే, కంపెనీ భాగాలను బిల్లుతో కొని ఆయన చేతికివ్వండి. రెండు ఫోర్కుల్లోనూ నూనెను కంపెనీ చెప్పిన కొలత ప్రకారం సమానంగా పోయమని చెప్పి, దగ్గరుండి చూడండి. ఆయన ఈ పనికి 1,200 తీసుకుంటాడనుకుందాం. లోహ భాగాలు 8,000, హెడ్‌లైట్ సెట్టు 1,800, మడ్‌గార్డు 700 కలిపితే 11,700 అవుతుంది. హెడ్‌లైటును తీగ కట్టి నడపవద్దు. దీపాలు లేని గట్ల మీద వెలుగు ఎక్కడ పడుతుందన్నది ముఖ్యం. పగిలిన మడ్‌గార్డు టైరుకు తగిలితే చక్రం పట్టేసే ప్రమాదం ఉంది. ట్యాంకు సొట్ట, సైడు ప్యానెళ్లు, విజరు, సైలెన్సరు గీతలు ఎంతకాలమైనా ఆగుతాయి. సొట్టలో రంగు లేచి ఇనుము బయటపడిన చోట మాత్రం వర్షాలకు ముందే ప్రైమరు, రంగు అద్దించండి. మిగిలిన 300 దానికి సరిపోతాయి. సార్వాకు ఏమీ మిగలదు. ఆ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంది.

భాగాల బిల్లులు, పని పూర్తయ్యాక తీసిన ఫొటోలు జాగ్రత్తగా ఉంచండి. మళ్లీ ఎప్పుడైనా నష్టం జరిగితే, బాగుచేయించని పాత దెబ్బలకు సంస్థ చెల్లించదు. బాగుచేయించినట్టు చూపవలసింది మీరే. మూడేళ్లు క్లెయిము లేకుండా గడిపినందుకు సొంత నష్టం (మీ బండికి కలిగే నష్టం) ప్రీమియంలో మీకు లభించే 35 శాతం తగ్గింపు వచ్చే రెన్యువలుతో పోతుంది. ఈ తరగతి బండికి ఆ ప్రీమియమే తక్కువ కాబట్టి, 12,000 ముందు అది పెద్ద నష్టం కాదు. క్లెయిము చేసి మంచి పనే చేశారు.

అంచనా పత్రంలో లేని వస్తువు ఒకటుంది. మీ తలతో పాటు గోడకు తగిలిన హెల్మెట్ లోపలి థర్మోకోల్ పొర ఒకసారి నలిగిందంటే మళ్లీ దెబ్బను ఆపలేదు, పైకి ఎంత కొత్తగా కనబడినా సరే. ఐఎస్‌ఐ గుర్తున్న కొత్తది కొనుక్కుని, ఆ తరువాతే బండి బయటికి తీయండి.