పూజ గది దగ్గర ఆగిపోయే రోబో వాక్యూమ్‌కు సమాధానం

తనంతట తానే తిరుగుతూ నేల ఊడ్చే మీ మిషన్ మోటార్ పోలేదండీ, దాని అడుగున సెన్సర్లకు ముగ్గుపిండి పట్టి ఉంటుంది. హాల్లో బాగానే తిరిగి పూజ గది గడప దగ్గర వెనక్కి జరిగి ఆగిపోతోందన్నారు కదా, తిరుపతిలో మా ఇంట్లోనూ అచ్చం ఇదే గోల.

మెట్ల మీంచి పడకుండా దాని అడుగున అంచుల వెంట చిన్న కిటికీల్లాంటి సెన్సర్లుంటాయి. అవి నేల మీదికి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపుతాయి. అది తిరిగి రాకపోతే ముందు గొయ్యి ఉందనుకుని మిషన్ వెనక్కి తగ్గుతుంది. అందరూ బ్రష్, చెత్త డబ్బా శుభ్రం చేసి ఊరుకుంటారు. ఈ కిటికీల సంగతే మరిచిపోతారు.

1. స్విచ్ ఆపి, దుప్పటి మీద వెల్లకిలా తిప్పండి.

2. పొడి మెత్తటి గుడ్డతో ఒక్కో కిటికీ తుడవండి. మూలలకు ఇయర్‌బడ్ చాలు. తడి గుడ్డ మాత్రం వద్దు, పిండి ముద్దయి అతుక్కుంటుంది. నేను చేసిన తప్పు అదే.

3. ముందు వైపున్న చక్రం లాగి, చుట్టుకున్న వెంట్రుకలు తీసేయండి.

4. మళ్లీ నడిపి చూడండి.

అయినా అక్కడే ఆగితే గడప దగ్గర నల్ల గ్రానైట్ పట్టీ ఉందేమో చూడండి. నలుపు ఆ కాంతిని మింగేస్తుంది కాబట్టి దానికది గొయ్యే. అప్పుడు చేత్తో తీసుకెళ్లి లోపల వదిలి, తలుపేసి విడిగా నడపండి.

సెన్సర్ల మీద కాగితం అంటించమని ఎవరైనా చెబుతారు. ఇంట్లో మెట్లుంటే ఆ పని చేయొద్దు, దొర్లి పడుతుంది.

ముగ్గు చెరిపేటప్పుడు పిండిని ముందు చీపురుతో ఎత్తేసి, తర్వాతే మిషన్‌ను వదలండి.