ఆ పేజీ దగ్గర పూడుకుపోయే గొంతు

ప్రశ్న: మాది కావలి. నాకు 36 ఏళ్లు. నాలుగో తరగతి చదివే మా పాప అటక మీది ట్రంకు పెట్టెలోంచి, టోటోచాన్ అనే జపాన్ పిల్ల బడి కథ ‘రైలుబడి’ పుస్తకాన్ని తీసుకొచ్చి, రోజూ సాయంత్రం చదివి వినిపించమంటోంది. ఎనిమిదో తరగతిలో ఉండగా నేను ఆ పుస్తకం చదివి రెండు రోజులు సరిగా అన్నం తినకుండా ఏడ్చాను. ఆ తరువాత ఎన్నడూ తెరవలేదు. ఇప్పుడు పోలియో వచ్చిన పిల్లవాడు చెట్టెక్కే చోటికి రాగానే నా గొంతు పూడుకుపోయింది. "ఏం మా, ఏడుస్తా ఉండావు?" అని పాప అడిగితే జవాబు చెప్పలేక పుస్తకం మూసేశాను. కథకు కూడా ఏడుస్తారా అని మావారు, దీపాలు పెట్టే వేళ ఈ ఏడుపేందని మా అత్తగారు అంటున్నారు. పుస్తకం దాచెయ్యాలా, మనసు గట్టి చేసుకొని చదవాలా? ఆ పుస్తకం మా చిన్నాన్న కూతురిది. ఆ అక్క పదో తరగతిలో జ్వరంతో పోయింది.

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాటతోనే మొదలుపెడతాను. మన నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో తిరునాళ్లకు హరిశ్చంద్ర నాటకం వేసినప్పుడు, లోహితాస్యుణ్ణి పాము కరుస్తుందనీ, చంద్రమతి ఆ బిడ్డను శ్మశానానికి మోసుకొస్తుందనీ తెలియనివారు ఉండేవారు కారు. అయినా కాటిసీను కోసమే తెల్లవారుజాము దాకా చాపల మీద కూర్చొని, పద్యానికి వన్స్‌మోర్ కొట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఇళ్లకు వెళ్లేవారు. దానిని ఎవరూ అశుభం అనుకోలేదు. మీ అత్తగారు కూడా ఎప్పుడో ఒకప్పుడు అలా ఏడ్చే ఉంటారు, అడిగి చూడండి. అక్కడ ఊరంతా కలిసి ఏడ్చేది, మీరు ఒక్కరే పుస్తకంలోకి తల వంచుకొని ఏడ్చారు. మీకు కష్టంగా ఉన్నది ఈ ఒంటరితనం కూడా కావచ్చు.

ఇక ఆ చెట్టు సంగతి. టోటోచాన్ ఇంట్లో అబద్ధం చెప్పి వచ్చి, నిచ్చెన ఈడ్చుకొచ్చి, చేతులూ కాళ్లూ సరిగా రాని స్నేహితుణ్ణి చెమటలు కక్కుతూ కొమ్మల మీదికి లాగుతుంది. ఎనిమిదో తరగతిలో మీరు ఆ పిల్లతో పాటు చెట్టెక్కారు. ఇప్పుడు పక్కలో మీ పాపను పెట్టుకొని అదే పేజీ చదువుతుంటే మీరు చెట్టు కింద, పిల్లవాడు జారితే ఎలాగని చేతులు చాచి నిలబడిన తల్లి అయిపోయారు. పైగా ఆ పిల్లవాడు ఎక్కువ కాలం బతకడని ముందే తెలిసిన తల్లి. చిన్నప్పటి కంటే ఇప్పుడు ఆ పేజీ బరువుగా ఉండడంలో వింత ఏమీ లేదు. మీరు బలహీనులయ్యారని కాదు, నిలబడిన చోటు మారింది.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ సేపు ఆపినవి చివరి రెండు వాక్యాలు. అక్క సంగతి అన్నిటికంటే ముందు రావలసింది, మీరు చిట్టచివర రాశారు. ఆ కథలో పిల్లవాడు పోయేముందు టోటోచాన్‌కు ‘అంకుల్ టామ్స్ కేబిన్’ చదువుకోమని ఇస్తాడు. అతను పోయాక, ఆ పుస్తకాన్ని ఇక తిరిగి ఇవ్వలేనని ఆ పిల్లకు అర్థమవుతుంది. మీ ట్రంకు పెట్టెలో ఉన్నదీ తిరిగి ఇవ్వలేకపోయిన పుస్తకమే. మీ కన్నీళ్లకు అదే కారణమని దూరం నుంచి తేల్చి చెప్పను గాని, ఇన్నేళ్లూ మీరు కథలోని పిల్లవాడి పేరుతో అక్క కోసమే ఏడ్చారేమోనని నాకు అనిపిస్తోంది.

పుస్తకాన్ని దాచవద్దు. దాచిన దాన్ని వెతికి చదివే వయసు మీ పాపది, అప్పుడు ఆమె కూడా ఒంటరిగా ఏడ్వవలసి వస్తుంది. ఆ ప్రకరణం దాటవేసి చదవడం కూడా నాకు ఇష్టం లేదు. పిల్లలు కథలో జరిగిన మోసాన్ని ఇట్టే పసిగడతారు. మీ గొంతు ఆగిన చోట పుస్తకాన్ని పాప చేతికో, మీవారి చేతికో ఇవ్వండి. వింటూ ఏడ్వడం, చదువుతూ ఏడ్వడం కంటే తేలిక. మీవారు ఆ నాలుగు పేజీలు పైకి చదివితే, కథకు ఏడుస్తారా అన్న ప్రశ్నకు జవాబు ఆయనకే దొరుకుతుంది. పాప బహుశా మీ దుఃఖం కంటే ముందు, "నాకూ పోలియో వస్తుందా?" అని అడుగుతుంది. దానికి సూటిగా జవాబు చెప్పండి: పసితనంలోనే నీకు చుక్కలు వేయించాం, మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల చివరి కేసు 2011లో వచ్చింది, 2014లో పోలియో లేని దేశంగా గుర్తింపు కూడా వచ్చింది, అని. పిల్లల భయానికి సంవత్సరంతో సహా చెప్పిన జవాబు మంచి మందు.

"ఏం మా, ఏడుస్తా ఉండావు?" అన్న ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు బాకీ ఉన్నారు. మొదటి పేజీలో అక్క తన పేరు రాసుకొని ఉంటే అది చూపించి, ఇది మీ పెద్దమ్మ పుస్తకం, నాకు చదవమని ఇచ్చింది అని చెప్పండి. ఆవిడ ఎలా నవ్వేది, ఏ జడ వేసుకునేది, మీరిద్దరూ దేనికి పోట్లాడుకునేవారు, అన్నీ చెప్పండి. ఆ సాయంత్రానికి పుస్తకం ముందుకు సాగకపోయినా నష్టం లేదు.

ఈ దుఃఖం వల్ల నిద్ర, తిండి చాలా రోజులు దెబ్బతింటే, లేదా పనిలో మనసు నిలవకపోతే, మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. మీ ఉత్తరాన్ని బట్టి అంత దూరం పోలేదనే నా నమ్మకం.

మీ చిన్నమ్మ ఉన్నారో లేరో మీరు రాయలేదు. ఉంటే, ముందుగా ఫోన్ చేసి ఒక ఆదివారం వెళ్లండి. పుస్తకం తిరిగి ఇచ్చేయడానికి కాదు, అది ఇంకా మీ దగ్గర భద్రంగా ఉందని చెప్పడానికి. బాధపడుతుందేమోనని బంధువులు తన ముందు ఎత్తడం మానేసిన బిడ్డ పేరును, ఆ తల్లి ఇంకొకరి నోట వినక ఎన్నేళ్లయిందో. పాపను కూడా వెంట తీసుకెళ్లండి.