కొత్త ఎపిసోడ్ రాగానే అభిమానులు అంత గొడవ చేయడం అవసరమా?

ప్రశ్న: సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లో కొత్త ఎపిసోడ్ రాగానే అభిమానులు ప్రతి సీనూ ఆపి ఆపి చూసి, ఏవేవో ఊహించుకుని, ఒకరితో ఒకరు గొడవపడతారు. ఇదంతా అతి కాదా? అన్నీ వచ్చాక ఒకేసారి చూసేస్తే సరిపోదా?

జవాబు:

సరిపోదు. అతి అసలే కాదు. ఎపిసోడ్ చూడటం సగమైతే, దాని గురించి వారమంతా వాదించుకోవడం మిగతా సగం. ఆ రెండో సగం వదులుకున్నవాళ్ళు సిరీస్ చూసినట్టే కాదని నా గట్టి నమ్మకం. 'సెవరెన్స్' రెండో సీజన్ చూసిన అనుభవంతో చెబుతున్నాను. కథలో మలుపులన్నీ బయటపెట్టేస్తాను కాబట్టి, చూడాలనుకుంటున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. లూమన్ అనే కంపెనీలో కొందరు ఉద్యోగులు మెదడులో చిప్ పెట్టించుకుంటారు. లిఫ్టులో కిందికి దిగగానే బయటి జీవితం గుర్తుండదు, సాయంత్రం పైకి రాగానే ఆఫీసు గుర్తుండదు. ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులు, ఒకరికొకరు తెలియదు. కథానాయకుడు మార్క్ కూడా అలాంటి ఉద్యోగే. మా ఇంట్లో ఆ ఇద్దరినీ లోపలి మార్క్, బయటి మార్క్ అనేవాళ్ళం. మొదటి సీజన్ చివరి ఎపిసోడ్ 2022 ఏప్రిల్ 8న వచ్చింది. రెండో సీజన్ మొదలైంది 2025 జనవరి 17న. మధ్యలో 2023లో హాలీవుడ్ రచయితలు, నటులు సమ్మె చేశారు, షూటింగ్ ఆగిపోయింది. దాదాపు మూడేళ్ళు ఎదురుచూసినవాళ్ళు కొత్త ఎపిసోడ్ రాగానే నోరు మూసుకుని కూర్చోవాలా?

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. లెక్కకి శుక్రవారం ఎపిసోడే అయినా ఇక్కడ గురువారం రాత్రి తొమ్మిదికే వచ్చేసేది. పిల్లల్ని పడుకోబెట్టి మా అన్నయ్య, వదిన మా ఇంటికి వచ్చేసేవాళ్ళు. అన్నయ్య సగంలోనే సోఫాలో నిద్రపోయేవాడు. అసలు చూసేది వదిన. ఆవిడ అమెరికా రాకముందు గుంటూరులో ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పింది. ఇది ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు తెలుస్తుంది.

మొదటి సీజన్ చివర్లో హెల్లీ అనే అమ్మాయికి బయట తనెవరో తెలుస్తుంది. ఆమె మరెవరో కాదు, ఆ కంపెనీ యజమాని కూతురు హెలెనా. తన తోటివాళ్ళని అక్కడ బంధించిన కుటుంబం తనదే. రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో మళ్ళీ అందరూ ఆఫీసులో కలుస్తారు. బయట ఏం చూశావని అడిగితే ఆమె, ఒక మామూలు అపార్ట్‌మెంటులో ఉన్నాననీ, బయటికెళ్తే రాత్రిపూట తోటపని చేసే మనిషి కనిపించాడనీ చెబుతుంది. అది అబద్ధమని మనకి తెలుసు. తెలియనిదల్లా ఆ అబద్ధం ఎవరు చెబుతున్నారన్నదే. యజమాని కూతురినని చెప్పుకోలేక సిగ్గుతో దాస్తున్న మన హెల్లీనా? లేక చిప్ పనిచేయకుండా చేయించుకుని, హెల్లీ వేషంలో కిందికి దిగిన హెలెనాయేనా?

ప్రపంచమంతా అభిమానులు ఈ ఒక్క ప్రశ్న దగ్గర రెండుగా చీలిపోయారు. మా హాల్లో కూడా అదే జరిగింది. మావారిది సిగ్గు వాదన. "తన తండ్రే రాక్షసుడని తెలిసిన పిల్ల ఎలా చెబుతుంది చెల్లెమ్మా? స్నేహితులు ఛీ కొడతారని భయం" అన్నారు. వదిన ఒప్పుకోలేదు. "అన్నయ్యగారూ, నా క్లాసులో ఇలాంటివి రోజూ చూసేదాన్ని. తప్పు చేసి దాచేవాడు నీళ్ళు నములుతాడు. ఇంట్లో నేర్పిస్తే వచ్చి చెప్పేవాడు అప్పజెప్పేస్తాడు. ఈ పిల్ల అప్పజెబుతోంది" అంది. నేను వదిన పక్షం. రాత్రిపూట తోటపని ఎవడు చేస్తాడండీ? ఆఫీసు తప్ప వేరే లోకం ఎరగని మనిషి అల్లిన అబద్ధం అలా ఉండదు. తోటమాలుల్ని పెట్టుకునే ఇంట్లో పుట్టిన మనిషికే అలాంటి అబద్ధం తడుతుంది.

ఇక ఆ వారాలు ఎలా గడిచాయో చెప్పలేను. వదిన ఆఫీసు విరామంలో ఫోన్ చేసి, "మళ్ళీ చూశాను, నవ్వు కూడా వేరే" అనేది. మావారు కారు నడుపుతూ ఆ నవ్వుకి కారణాలు వెతికేవారు. నాలుగో ఎపిసోడ్‌లో వాళ్ళందరినీ మంచు అడవిలోకి ఆఫీసు విహారయాత్రకి తీసుకెళ్తారు. రాత్రి చలిమంట దగ్గర ఆ హెల్లీ, తోటి ఉద్యోగి ఇర్వింగ్‌ని ఒక మాట అంటుంది, మనసు గుచ్చుకునేలా. అప్పుడు వదిన రిమోట్ తీసుకుని ఆపేసింది. "చూశారా? హెల్లీకి కోపం ఉంది గానీ ఇంత విషం లేదు" అంది. తెల్లారాక ఇర్వింగ్ ఆమెని జలపాతం దగ్గర నీళ్ళలోకి తోసి, తల ముంచి పట్టుకుని, అసలు హెల్లీని తెమ్మని పైవాళ్ళకి వినపడేలా అరుస్తాడు. హెల్లీ ఎప్పుడూ క్రూరంగా లేదని అంటాడు. వదిన అన్నదీ అదే కదా! మా హాల్లో వదిన లేచి నిలబడిపోయింది. అన్నయ్య ఉలిక్కిపడి లేచాడు. మావారు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మొదటి ఎపిసోడ్ పెట్టు, ఇప్పుడే చూడాలి" అన్నారు.

మర్నాడు పొద్దున్నే అందరికీ ఆఫీసులున్నాయి. అయినా కూర్చుని మొదటి ఎపిసోడ్ మళ్ళీ చూశాం. ఒక్క డైలాగూ మారలేదు, కానీ కథ మొత్తం మారిపోయింది. ఆమె మార్క్ వైపు చూసే చూపు, మిగతావాళ్ళ మాటలు వినేటప్పుడు ఆమె మొహం, అన్నీ వేరేగా కనిపించాయి. బ్రిట్ లోవర్ ఎంత గొప్ప నటో ఆ రాత్రి అర్థమైంది. హెల్లీలా నటిస్తున్న హెలెనాని నటించడం, అదీ సగంమంది ప్రేక్షకులకి అనుమానం వచ్చి సగంమందికి రానంత కొలతతో! 2025 సెప్టెంబరులో ఆమెకి ఎమ్మీ టీవీ అవార్డు వచ్చినప్పుడు వదిన నాకంటే ముందు ఫోన్ చేసింది. అదే రోజు వాళ్ళ ఆఫీసు మేనేజరు మిల్చిక్ పాత్ర వేసిన ట్రమెల్ టిల్‌మన్‌కీ ఎమ్మీ వచ్చింది. సిరీస్‌కి అత్యధికంగా 27 నామినేషన్లు వచ్చినా ఉత్తమ డ్రామా అవార్డు మాత్రం వేరే సిరీస్‌కి వెళ్ళింది. అది అన్యాయమని ఇప్పటికీ అంటాను.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. హైదరాబాద్‌లో మా పెద్దమ్మ కొడుకు సీజన్ అంతా అయిపోయాక శని, ఆదివారాల్లో పది ఎపిసోడ్లూ చూసేశాడు, అదీ స్పీడు పెంచి. ఫోన్ చేసి "ఏముందే ఇందులో, స్లోగా ఉంది" అన్నాడు. వాడికి హెల్లీ మీద అనుమానం వచ్చేలోపే జవాబు వచ్చేసింది. మాకు ఆ అనుమానం వారాల తరబడి ఇంట్లో కాపురం చేసింది. అన్నం వడ్డిస్తూ, బట్టలు మడత పెడుతూ దాని గురించే మాట్లాడుకున్నాం. తీసినవాళ్ళు అంత జాగ్రత్తగా కొలిచి పెట్టిన దాన్ని ఒక్క గుక్కలో తాగేసి రుచి లేదంటే ఎలా? ఆ స్పీడు పెంచే బటన్ అసలు ఎవరు పెట్టారో గానీ, నటులు మౌనంగా ఉండే చోట కూడా పరిగెత్తించేస్తోంది. ఈ సిరీస్‌లో సగం విషయం ఆ మౌనంలోనే ఉంది.

వారం వారం ఎదురుచూడటం తెలుగువాళ్ళకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. మా అమ్మ తెనాలిలో వారపత్రిక కోసం వాకిట్లో నిలబడేది. సీరియల్ పేజీలు చించి దాచి, నవల అయిపోయాక బైండు చేయించేది. పక్కింటి పిన్నిగారితో హీరోయిన్ చేసింది తప్పా ఒప్పా అని మేడ మెట్ల మీద కూర్చుని వాదించేది. ఆ పిన్నిగారు కోపం వచ్చి ఒకసారి పత్రికకే ఉత్తరం రాసేశారు. అప్పుడు దాన్ని సాహిత్యాభిరుచి అన్నారు. ఇప్పుడు మేం చేస్తే అతి అంటున్నారు!

అభిమానులు చేసేదంతా ఒప్పని నేననను. ఎనిమిదో ఎపిసోడ్ విషయంలో చాలామంది ఘోరమైన అన్యాయం చేశారు. ఏడో ఎపిసోడ్‌లో మార్క్ భార్య జెమ్మా ఏమైపోయిందో చూపించారు. అప్పటిదాకా కెమెరా పని చూసిన జెస్సికా లీ గాన్యే మొదటిసారి దర్శకత్వం చేసిన ఎపిసోడ్ అది, అందరూ ఏడ్చారు. మరుసటి వారం కథ ఆపేసి, మార్క్ వాళ్ళ పాత బాస్ కోబెల్ ఒక్కదాన్నీ సముద్రం ఒడ్డున పాడుబడ్డ ఊరికి పంపారు. ముప్పై ఏడు నిమిషాల ఎపిసోడ్, మార్క్ వాళ్ళ ఆఫీసే కనబడదు. "ఏమీ జరగలేదు", "వారం వేస్టు" అని తిట్టిపోశారు. వదిన కూడా అదే అంది, ఇక్కడ మాత్రం నేను ఆవిడతో కలవలేదు. ఆ ఊళ్ళో లూమన్ ఈథర్ అనే మత్తుమందు ఫ్యాక్టరీ పెట్టి, పిల్లలతో పని చేయించి, ఊరిని మత్తుకి అలవాటు చేసి, మూసేసి వెళ్ళిపోయింది. మా మేనమామ వాళ్ళ ఊళ్ళో మిల్లు మూతపడ్డాక నేను చూసిన బజారు అచ్చం అలాగే ఉండేది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళ చూపులు కూడా అవే. పైగా ఆ చిప్ కనిపెట్టింది కోబెలే అన్న నిజం అక్కడే బయటపడుతుంది. ఇంతకంటే ఏం జరగాలి? తమ ఊహ నిజమైందా లేదా అని మాత్రమే చూసేవాళ్ళకి, ఊహకి అందని ఎపిసోడ్ వస్తే అది ఖాళీగా కనిపిస్తుంది.

సీజన్ అయిపోయాక ఒక ఆదివారం అందరం హోమ్‌డెల్ వెళ్ళాం. లూమన్ భవనంగా చూపించేది మాకు దగ్గర్లోనే ఉంది. నిజానికి అది బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థ కోసం ఈరో సారినెన్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేసిన భవనం, 1962లో తెరిచారు. ఇప్పుడు దాన్ని బెల్ వర్క్స్ అంటారు. లోపల ఆఫీసులు, కాఫీ దుకాణాలు, ఊరి లైబ్రరీ ఉన్నాయి, ఎవరైనా వెళ్ళి తిరగొచ్చు. బయట నీళ్ళ ట్యాంకు ట్రాన్సిస్టర్ ఆకారంలో కట్టారు. నక్షత్రాల మధ్య నుంచి వచ్చే రేడియో తరంగాలని బెల్ ల్యాబ్స్ ఇంజనీరు కార్ల్ జాన్‌స్కీ 1930లలో ఆ స్థలంలోనే పసిగట్టాడు. ఆయన స్మారకం ఆవరణలో ఉంది. అక్కడికొచ్చిన కుర్రాళ్ళందరూ భవనం ముందు ఫోటోలు దిగి వెళ్ళిపోతున్నారు, ఆ స్మారకం వైపు ఒక్కరూ వెళ్ళలేదు. నాకు చాలా బాధేసింది. అన్నయ్య కొడుకు మాత్రం మేకలెక్కడని అడుగుతూనే ఉన్నాడు. సిరీస్‌లో ఆఫీసు లోపల మేకల మంద ఉంటుందని వాడికి ఎవరో చెప్పారు. ఆ తెల్ల వరండాలన్నీ న్యూయార్క్ స్టూడియోలో వేసిన సెట్టని చెబితే మొహం ముడుచుకున్నాడు.

అక్కడ కాఫీ తాగుతూ వదినా నేనూ మళ్ళీ మొదలుపెట్టాం. చివరి ఎపిసోడ్‌లో లోపలి మార్క్, లూమన్‌లో బందీగా ఉన్న జెమ్మాని తప్పించి తలుపు దాకా తెస్తాడు. ఆమె బయటపడుతుంది. అతను మాత్రం ఆమెతో వెళ్ళకుండా వెనక్కి తిరిగి హెల్లీ దగ్గరికి పరిగెడతాడు. తలుపు అవతల జెమ్మా గుండెలు బాదుకుంటుంది. తెలిసిన తెలుగు వాట్సాప్ గ్రూపులన్నిట్లో "పెళ్ళాన్ని వదిలేసినవాడు" అని తిట్టారు. వదినా వాళ్ళ పక్షమే. నేను లోపలి మార్క్ పక్షం. జెమ్మాతో తాళి బంధం బయటి మార్క్‌ది. లోపలివాడు ఆమెని ప్రేమించలేదు, పెళ్ళాడలేదు. బయటికి వెళ్ళడమంటే అతనికి చావడమే. అదే ఎపిసోడ్‌లో ఇద్దరు మార్క్‌లూ వీడియో కెమెరాలో ఒకరికొకరు మాటలు రికార్డు చేసి పంపుకుంటారు గుర్తుందా? బయటి మార్క్ "నీ బాధ నాకు అర్థమైంది" అన్నట్టు మాట్లాడుతూనే హెల్లీ పేరుని 'హెలెనీ' అని పలుకుతాడు. నీ కోసం నేను చచ్చిపోవాలా, నేను ప్రేమించిన మనిషి పేరు కూడా నీకు పట్టదా అని నాకు ఒళ్ళు మండిపోయింది. అతని మీద ఉన్న జాలంతా అక్కడే పోయింది.

వదిన మాత్రం, "పేరు తప్పు పలికినంత మాత్రాన భార్యని వదిలేస్తారా?" అంటుంది. మీరు ఆ సీను చూశాక ఎవరి పక్షమో కింద కామెంట్లో రాయండి, ఆవిడకి చూపించాలి.