రూల్స్ మారతాయని నోటీసు ఆగదు

ప్రశ్న: హైదరాబాద్‌లో 250 గజాల్లో టీజీ బీపాస్ (ప్రభుత్వ ఆన్‌లైన్ విధానం) పర్మిషన్‌తో ఇల్లు కడుతున్నాను. ప్లాన్ ప్రకారం పక్కన మీటరున్నర వదలాలి, మీటరే వదిలాం. ముందు మూడడుగులు రోడ్డుకు ఇచ్చాను. అన్నదమ్ముడిలా చూసుకున్న పక్కింటాయనే ఫిర్యాదు చేశాడు. ప్లాన్‌కు విరుద్ధంగా కడుతున్నానంటూ కార్పొరేషన్ వాళ్లు జీహెచ్ఎంసీ చట్టం 452 సెక్షన్ కింద నోటీసు అంటించారు. రిటైర్మెంట్ డబ్బంతా ఇందులోనే పెట్టాను, టెన్షన్‌తో నిద్ర లేదు. సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) రూల్స్ మారుస్తారని పేపర్లో వచ్చింది. ఈలోగా స్టే తెచ్చుకుని పై స్లాబ్ వేసేయమని మేస్త్రీ అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: పక్కింటాయన సంగతి వదిలేయండి. మీ ఉత్తరం మొత్తంలో పనికొచ్చే మాట ఒక్కటే: మూడడుగులు రోడ్డుకు ఇచ్చానన్నారు. ఎలా ఇచ్చారు? ప్రహరీ వెనక్కి జరిపి ఊరుకున్నారా, కార్పొరేషన్ పేర గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేశారా? రోడ్డు వెడల్పు కోసం ఉచితంగా స్థలం ఇచ్చినవారు సెట్‌బ్యాక్‌లో సడలింపు అడగవచ్చని 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 చెబుతోంది. కాగితం లేకుండా ఇచ్చిన స్థలానికి మాత్రం లెక్క ఉండదు. మంజూరైన ప్లాన్‌లో రోడ్డుకు పోయే భాగం చూపించారో లేదో ఈ రోజే చూడండి.

రూల్స్ మార్పు మీద ఆశ పెట్టుకోకండి. కార్పొరేషన్ కౌన్సిల్ ఎంత చర్చించినా, తీర్మానం చేసినా, సెట్‌బ్యాక్ కొలతలు మారేది ప్రభుత్వం జీవో ఇచ్చాకే. అది వచ్చినా పాత ఉల్లంఘన దానంతట అదే మాఫీ కాదు. బీపాస్‌లో మీటరున్నర వదులుతానని సంతకం చేసింది మీరే. పునాది గీతలు గీసిన రోజున టేపు పెట్టి చూసుకోలేదా? జీవో 168 కింద జరిమానాతో క్రమబద్ధీకరించేది ముందు భాగం కాకుండా మిగతా వైపుల 10 శాతం వరకే. మీటరున్నరలో అది 15 సెంటీమీటర్లు. మీరు తగ్గించింది 50.

మేస్త్రీ మాట వింటే ఉన్న దారీ మూసుకుపోతుంది. కూల్చవద్దని స్టే వచ్చినా అది కట్టుకోమన్న పర్మిషన్ కాదు. ప్లాన్ సంగతి దాచి ఉత్తర్వు తెచ్చుకుంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 39 రూల్ 4 కింద కోర్టే దాన్ని ఎత్తేస్తుంది. ఆ తర్వాత హైకోర్టుకు వెళ్లినా, నోటీసు చూశాక కూడా స్లాబ్ వేసినవాడిగానే నిలబడతారు. ఒక్క ఇటుక కూడా పెట్టకండి.

నోటీసు మీకు ఏ రోజు అందిందో రుజువు కావాలి. పోస్టులో కూడా వస్తే కవరు పారేయకుండా దాని మీది ముద్రతో సహా దాచండి, గోడకు అంటించిన దాన్ని తేదీ పడేలా ఫొటో తీయండి. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జవాబుకు స్థానిక చట్టం ఇచ్చిన గడువు లేదా నోటీసు అందిన నాటి నుంచి 15 రోజులు, ఏది ఎక్కువైతే అది. తుది ఆర్డరు తర్వాత కూల్చేలోగా ఇంకో 15 రోజులుంటాయి. మీరు మాత్రం నోటీసులో రాసిన తేదీకే జవాబివ్వండి.

లైసెన్స్డ్ సర్వేయర్‌తో సేల్ డీడ్ హద్దుల నుంచి నాలుగు వైపులా కొలిపించండి. గిఫ్ట్ డీడ్ ఉంటే దాని కాపీ జతచేసి, సడలింపుతో సవరించిన ప్లాన్‌కు దరఖాస్తు పెట్టి, ఆ రసీదు నంబరు జవాబులో రాయండి. డీడ్ లేకపోతే, మీటరు దగ్గరున్నది గోడా, పిల్లరా అని స్ట్రక్చరల్ ఇంజినీరును అడగండి. గోడే అయితే వెనక్కి జరుపుతామని రాతపూర్వకంగా ఒప్పుకుని గడువు కోరండి. పిల్లర్లయితే ప్లాన్, నోటీసు, కొలతల రిపోర్టు పట్టుకుని గడువు తీరకముందే హైకోర్టు లాయరును కలవండి.