సన్నటి కార్బన్ ఫైబర్ రాడ్ ఎంత లోడ్‌కి బక్లింగ్ అవుతుందో (నొక్కితే పక్కకి వంగిపోతుందో) ఎలా లెక్కేయాలి?

ఆయిలర్ సూత్రం చాలు: π వర్గాన్ని (9.87) రాడ్ మాడ్యులస్‌తో, మొమెంట్ ఆఫ్ ఇనర్షియాతో (రాడ్ అడ్డుకోత ఆకారం వంపును ఎంత ఆపుతుందో చెప్పే విలువ) గుణించి, పొడవు వర్గంతో భాగించాలి. ఇది రెండు కొసలూ తిరగగలిగేలా బిగించిన రాడ్‌కి.

సన్నటి రాడ్‌ని నిలువుగా నొక్కితే అది నలిగేలోపే పక్కకి వంగిపోతుంది, ఆ వంపును ఆపేది మెటీరియల్ బలం కాదు, దాని బిగువు, అంటే మాడ్యులస్.

6 మి.మీ. వ్యాసం, 1 మీటరు పొడవున్న, లోపల బోలు లేని రాడ్ తీసుకోండి. మాడ్యులస్ 120 గిగాపాస్కల్స్, ఇనర్షియా (π × వ్యాసం నాలుగో ఘాతం ÷ 64) సుమారు 63.6 మి.మీ.⁴ అనుకుంటే లోడ్ 75 న్యూటన్లు, అంటే ఏడున్నర కిలోలు దాటి కొంచెం, అంతే! పొడవు సగం చేస్తే నాలుగింతలై 300 న్యూటన్లు.

చాలామంది డేటాషీట్‌లో బలం వేల మెగాపాస్కల్స్ ఉందని చూసి, దాన్ని వైశాల్యంతో గుణించి టన్నులు మోస్తుందనుకుంటారు, సన్నటి రాడ్‌కి ఆ లెక్క అస్సలు పనికిరాదు. ఇంకొందరు ఫైబర్ ఒక్కదాని మాడ్యులస్ (సుమారు 230 గిగాపాస్కల్స్) వేసేస్తారు, రాడ్‌లో ఫైబర్లను పట్టి ఉంచే జిగురు, అంటే రెసిన్ కూడా ఉంటుంది కదా, కాబట్టి రాడ్ మొత్తానికి ఇచ్చిన విలువే వాడండి. నిజం రాడ్ ఎప్పుడూ కాస్త వంకరగానే ఉంటుంది, అందుకే వచ్చిన లోడ్‌లో సగానికి మించి పెట్టకపోవడం మంచిది.