నిలదీస్తే మూగబోయే భర్త

ప్రశ్న: పెళ్లయి తొమ్మిదేళ్లు. ఇద్దరం ఉద్యోగస్తులమే. ఇంటి పని గురించో, పిల్లాడి చదువు గురించో మాటెత్తితే మావారు ఫోను పట్టుకుని పక్క గదిలోకి వెళ్లిపోతారు. వెంటపడి అడిగితే రెండు రోజులు పలకరు. మగవాళ్లంతా ఇంతేనా?

జవాబు: 'మగవాళ్లంతా ఇంతే' అనుకుంటే ఇక చేసేదేమీ ఉండదమ్మా. పైగా అది నిజం కాదు. 1990లో ఆండ్రూ క్రిస్టెన్సెన్, క్రిస్టఫర్ హీవీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు దంపతుల చేత పిల్లల పెంపకం గురించి మాట్లాడించి చూశారు. భార్య మార్పు కోరిన విషయమైతే ఆవిడ నిలదీయడం, ఆయన తప్పుకోవడం బాగా కనిపించింది. భర్త కోరిన విషయానికొచ్చేసరికి ఆ తేడా లేదు. మార్పు కావలసినవాళ్లు అడుగుతారు, ఉన్నదానితో సుఖంగా ఉన్నవాళ్లు జారుకుంటారు. మీ ఇంట్లో పని భారం ఎవరి మీద ఉందో ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. మీరు అడగడంలో తప్పు లేదు.

అడిగే తీరు మాత్రం చూసుకోవాలి. ఆయన ఇంకా చెప్పులు విప్పుతుండగానే మీరు "స్కూలు మీటింగుకి ఎందుకు రాలేదు?" అన్నారనుకోండి, ఆ వెంటే "మీకసలు ఈ ఇల్లు పట్టదు" అన్నారనుకోండి. మొదటిదానికి జవాబు చెప్పొచ్చు. రెండోదానికి ఎవరైనా ఏం చెబుతారు? గొడవలో గుండె నిమిషానికి వందసార్లకు మించి కొట్టుకుంటుంటే ఎదుటివారి మాట బుర్రకెక్కదని, కనీసం 20 నిమిషాలు విడిగా ఉండాలని దంపతుల మీద ఏళ్ల తరబడి పరిశోధించిన జాన్ గాట్‌మన్ చెబుతారు. ఆ సమయంలో గుమ్మం దాకా వెంట వెళ్లకండి.

రెండు రోజుల మౌనం వేరు. అది శిక్షించడమే, నేను సమర్థించను. ఇద్దరూ ప్రశాంతంగా ఉన్నప్పుడు ఆయనతో ఒక ఒప్పందానికి రండి: "ఇప్పుడు కాదు, భోజనాలయ్యాక మాట్లాడదాం" అని చెప్పి లేవాలి, చెప్పిన వేళకు తనే వచ్చి కూర్చోవాలి. మీరూ ఆ పూటకు ఒక్క విషయమే అడగండి. మీటింగు సంగతైతే మీటింగే, పాత లెక్కలన్నీ తియ్యొద్దు.

ఈ జవాబును సాక్ష్యంగా పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టకండి, మళ్లీ లేచి వెళ్లిపోతారు. ఒకవేళ ఆ మౌనంతో పాటు బెదిరింపులో, చెయ్యి చేసుకోవడమో ఉంటే మాత్రం పైన చెప్పినవేవీ మీకు వర్తించవు. ముందు మీ క్షేమం చూసుకుని, నమ్మకస్తులెవరికైనా వెంటనే చెప్పండి.